"లోక్‌సభలో లేవనెత్తాను" అని ఎంపీ అంటే, ఏ నిబంధన కింద అని అడగండి

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి రాస్తున్నానన్నారు. మీరు అడిగినవి మూడు. గద్వాల–మాచర్ల రైలు మార్గం గురించి మీ నాన్నగారి చిన్నప్పటి నుంచి వింటున్నారు. గెలిచిన ప్రతి ఎంపీ "లోక్‌సభలో లేవనెత్తాను" అంటారు. అసలు లేవనెత్తడం అంటే ఏమిటి? టీవీలో చూస్తే సగం బెంచీలు ఖాళీ, తక్కిన సగం గోల. మరి పని ఎప్పుడు జరుగుతుంది? మీలాంటివారు నేరుగా చేయగలిగింది ఏమైనా ఉందా?

నేను ఒక ఎంపీ దగ్గర చాలాకాలం కార్యాలయం పని చూశాను. ఆయన పేరుతో వెళ్లే ప్రశ్నల నోటీసులు చాలావరకు నేనే రాసేవాణ్ణి. ఆయన ఎవరు, ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ఆ పనిలో అర్థమైన అసలు విషయం ఒకటే: సభలో మాట్లాడటానికి చాలా దారులున్నాయి, కానీ ప్రభుత్వం జవాబు చెప్పి తీరవలసిన దారులు కొన్నే. మీ ఎంపీ ఏ దారిన వెళ్లారో తెలిస్తే ఆ మాట బరువెంతో తెలిసిపోతుంది.

పేపర్లలో ఎక్కువగా కనిపించేది జీరో అవర్. మధ్యాహ్నం 12 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం ముగిశాక మొదలవుతుంది. సభా నిబంధనల పుస్తకంలో ఈ పేరే లేదు. ఆనవాయితీగా వచ్చి నిలిచిపోయింది. ముందుగా నోటీసు ఇస్తే లాటరీ తీస్తారు, ఆపైన స్పీకర్ విచక్షణ. పేరు వస్తే ఒకటి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. మంత్రి ఆ క్షణంలో లేచి జవాబు చెప్పాలన్న నియమం లేదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి నోటితో గోడు చెప్పుకొని, రసీదు లేకుండా తిరిగి రావడం లాంటిది ఇది. అలాగని వృథా అనను. వరదో, పంట నష్టమో వచ్చినప్పుడు ఆ రోజే విషయం సభ చెవిన వేయడానికి ఇంతకన్నా వేగమైన మార్గం లేదు. కానీ దశాబ్దాల నాటి రైలు మార్గాన్ని జీరో అవర్‌లో అడగడం ఎక్కువగా వీడియో కోసమే. ఆ ముక్క సాయంత్రానికి అందరి ఫోన్లకూ చేరుతుంది, ఫైలు మాత్రం కదలదు.

దానికన్నా ఒక మెట్టు పైన ఉన్నది 377వ నిబంధన. విషయాన్ని రాతపూర్వకంగా ఇస్తారు, అది సభా రికార్డులో చేరుతుంది, సంబంధిత మంత్రి ఆ తర్వాత సభ్యుడికి ఉత్తరం ద్వారా జవాబు పంపుతారు. కాబట్టి మీ ఎంపీ 377 కింద ఇచ్చానంటే, "మంత్రి రాసిన జవాబు చూపించండి" అని మర్యాదగా అడగవచ్చు. ఆ ఉత్తరం ఎంపీ కార్యాలయంలో ఎక్కడో ఒక ఫైలులో ఉంటుంది.

అసలైన పదును ప్రశ్నోత్తరాల సమయంలో ఉంది. ఉదయం 11 నుంచి 12 వరకు. మంత్రిత్వ శాఖలను ఐదు వర్గాలుగా విడగొట్టి, వారంలో ఒక్కో రోజు ఒక్కో వర్గానికి కేటాయిస్తారు. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులు వందల్లో వస్తాయి కాబట్టి బ్యాలెట్, అంటే లాటరీ తీస్తారు. అందులోంచి రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు జాబితాకు ఎక్కుతాయి. నక్షత్రం ఉంటే మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గంటలో నాలుగైదు ప్రశ్నలకు మించి రావడం అరుదు. నక్షత్రం లేనివాటికి జవాబు రాతలో వస్తుంది.

చాలామంది ఎంపీలు నక్షత్రం కోసమే తాపత్రయపడతారు, టీవీలో కనిపిస్తుంది కాబట్టి. నన్నడిగితే మీ రైలు లాంటి పనికి రాతపూర్వక జవాబే ఎక్కువ పనికొస్తుంది. అంకెలు వస్తాయి, తేదీలు వస్తాయి, రేపు మంత్రి మారినా ఆ కాగితం మారదు. అందుకే తప్పుడు సమాచారం ఇవ్వడానికి శాఖాధికారులు జంకుతారు. సభను తప్పుదోవ పట్టిస్తే సభాహక్కుల ఉల్లంఘన నోటీసు రావచ్చు.

అయితే ప్రశ్న రాయడంలోనే కిటుకంతా ఉంది. "గద్వాల–మాచర్ల రైలు మార్గం ఎప్పుడు వేస్తారు?" అని అడిగితే, "కొత్త మార్గాల మంజూరు రద్దీ అంచనా, రాబడి, నిధుల లభ్యత మొదలైన వాటిపై ఆధారపడి ఉంటుంది" అన్న ధోరణిలో, ఏ ఊరికైనా అతికే జవాబు వస్తుంది. దాన్నే ముక్కలుగా విడగొట్టి అడగాలి. ఈ మార్గానికి చివరిసారి సర్వే నివేదిక ఏ తేదీన రైల్వే బోర్డుకు చేరింది? అందులో అంచనా వ్యయం ఎంత, రాబడి శాతం ఎంత? వ్యయంలో వాటా గురించి, భూసేకరణ గురించి రాష్ట్ర ప్రభుత్వానికి లేఖ రాశారా, రాస్తే ఎప్పుడు, బదులు వచ్చిందా? సమగ్ర ప్రాజెక్టు నివేదిక ఇప్పుడు ఏ దశలో ఉంది? ఈ ఆర్థిక సంవత్సరంలో ఎంత కేటాయించారు, అందులో ఎంత ఖర్చయింది? ఇలా అడిగితే తప్పించుకునే చోటు తగ్గుతుంది. ప్రశ్న మొత్తం 150 మాటలు దాటకూడదు. అందులో వాదన ఉండకూడదు, నింద ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు. "మా ప్రాంతానికి జరుగుతున్న అన్యాయం మంత్రికి తెలుసా" అని మొదలుపెడితే లోక్‌సభ సచివాలయంలోనే ఆగిపోతుంది.

ఇంకో వడపోత కూడా ఉంది: విషయం కేంద్ర ప్రభుత్వానికి సంబంధించినదై ఉండాలి. రైల్వే పూర్తిగా కేంద్రానిది కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల విషయంలో చూడండి. ఫలానా రిజర్వాయరు పని ఎంతవరకు వచ్చిందని లోక్‌సభలో అడగలేరు, అది శాసనసభలో అడగవలసింది. జాతీయ హోదా కోరుతూ రాష్ట్రం పంపిన వినతి ఏమైంది, కేంద్ర జల సంఘం పరిశీలన ఎక్కడ ఆగింది అని మాత్రం నిస్సంకోచంగా అడగవచ్చు. నీళ్లు రాష్ట్ర జాబితాలోవి, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్రానిది. ఆ సరిహద్దు తెలిసిన కార్యాలయం నుంచి వెళ్లిన నోటీసే నిలుస్తుంది. మన దగ్గర చాలా నోటీసులు ఇక్కడే రాలిపోతాయి, తర్వాత "మమ్మల్ని అడగనివ్వలేదు" అన్న ప్రకటన వస్తుంది.

జవాబులో మంత్రి "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అన్నారనుకోండి. చాలామంది దీన్ని తప్పించుకోవడం అనుకొని వదిలేస్తారు. నిజానికి అక్కడి నుంచే ఆట మొదలవుతుంది. అలాంటి మాటలను ప్రభుత్వ హామీగా నమోదు చేస్తారు. హామీల అమలును చూడటానికి లోక్‌సభకు ప్రత్యేకంగా 15 మంది సభ్యుల సంఘం ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు పొడిగించమని శాఖ ఆ సంఘాన్ని కోరాలి. ఏళ్ల తరబడి పెండింగులో పడ్డ హామీలకు అధికారులను పిలిపించి సంజాయిషీ అడుగుతారు. కాబట్టి జాగ్రత్తగా రాసిన ప్రశ్నకు మంత్రి ఇచ్చిన డొంకతిరుగుడు జవాబు కూడా ఒక పట్టు అవుతుంది. ఆ పట్టు వదలకుండా వెంటపడే ఓపిక ఎంపీ కార్యాలయానికి ఉండాలి, అంతే.

ఇక డబ్బు. రైలు మార్గం వచ్చేది ప్రశ్నతో కాదు, బడ్జెట్‌తో. 2017 నుంచి రైల్వే బడ్జెట్ విడిగా లేదు, సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. అయినా ఏ జోనులో ఏ పనికి ఎంత అన్నది రైల్వే వారి పింక్ బుక్‌లో ఉంటుంది. పింక్ బుక్‌లో మీ మార్గం పేరు పక్కన నామమాత్రపు అంకె ఉంటే పని బతికే ఉందని అర్థం, కదులుతోందని కాదు. ఎవరు ఎంత గట్టిగా మాట్లాడారన్నది పక్కనపెట్టి మొదట ఆ అంకె చూడండి.

బడ్జెట్ ప్రవేశపెట్టాక సభకు కొన్ని వారాల విరామం ఉంటుంది. అప్పుడు ఎంపీలు సెలవుల్లో ఉన్నారని అనుకుంటారు. ఆ సమయంలోనే శాఖల పద్దులు, అంటే ఏ శాఖకు ఎంత డబ్బు కావాలన్న లెక్కలు, స్థాయీ సంఘాల (శాఖలవారీగా ఎంపీలతో ఏర్పడ్డ కమిటీల) ముందుకు వెళతాయి. ఇవి మొత్తం 24, ఒక్కోదాంట్లో 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులు సభ్యులుగా ఉండరు, కెమెరాలు ఉండవు, విప్ (ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశం) ఉండదు. అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి "పోయిన ఏడు ఇచ్చిన డబ్బు ఎందుకు మిగిలింది" అని అడుగుతారు. సభలో ఒకరి మీద ఒకరు అరుచుకున్నవారే అక్కడ పక్కపక్కన కూర్చుని ఒకే నివేదిక మీద పని చేయడం మామూలు సంగతి. ఆ నివేదికలు ప్రభుత్వం మీద శిలాశాసనాలు కావు. కానీ ఏ సిఫారసు మీద ఏ చర్య తీసుకున్నదీ ప్రభుత్వం చెప్పాలి. మీ ఎంపీ ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో మీలో ఎంతమందికి తెలుసు? రైల్వే సంఘంలో లేకపోయినా, ఉన్నవారితో మాట్లాడి ఒక పేరా రాయించగలిగితే అది సగం ఉపన్యాసాల కన్నా మేలు.

ప్రజా పద్దుల సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడుగా ఉండటం ఆనవాయితీ. అది ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికల ఆధారంగా జరిగిపోయిన ఖర్చును తవ్వుతుంది.

సభ మళ్లీ మొదలయ్యాక పద్దుల మీద చర్చ. కొన్ని శాఖలకే సమయం దొరుకుతుంది. గడువు రోజున స్పీకర్ మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెడతారు. దీన్నే గిలెటిన్ అంటారు. 2018లో, 2023లో గొడవల మధ్య దాదాపు అన్ని పద్దులూ ఇలాగే గడిచిపోయాయి. నా దృష్టిలో సభ స్తంభించడం వల్ల జరిగే అసలు నష్టం ఇది. ప్రతిపక్షం గొడవ చేసి ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టామనుకుంటుంది, ప్రభుత్వం ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పకుండా లక్షల కోట్లు ఆమోదింపజేసుకుంటుంది. ఇద్దరికీ కుదిరిన ఏర్పాటులా కనిపిస్తుంది నాకు.

టీవీలో కనిపించే ఖాళీ బెంచీల గురించి. సభలో 543 మంది, కోరం (సభ నడవడానికి ఉండవలసిన కనీస సంఖ్య) పదో వంతు, అంటే 55. అంతకన్నా తక్కువ ఉన్నారని ఎవరైనా ఎత్తిచూపితే గంట మోగుతుంది, సభ్యులు వచ్చి కూర్చుంటారు. సాధారణంగా ఎవరూ ఎత్తిచూపరు. లేనివారంతా బాధ్యత లేనివారని అనలేం; సంఘాల సమావేశాలు, మంత్రుల కార్యాలయాలు, పార్టీ గదులు ఉంటాయి. సమయం పంపిణీ కూడా ఒక కారణం. ఏ బిల్లుకు ఎన్ని గంటలు అన్నది స్పీకర్ అధ్యక్షతన సభా వ్యవహారాల సలహా సంఘం తేలుస్తుంది. ఆ గంటలను పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. పార్టీ తరఫున ఎవరు మాట్లాడాలో పార్టీ చెబుతుంది. తెలంగాణకు 17 స్థానాలు. 2024లో కాంగ్రెస్, బీజేపీ చెరి 8, మజ్లిస్ 1 గెలిచాయి. పెద్ద పార్టీలో ఉంటే సమయం ఎక్కువ, కానీ వరుస పొడవు. చిన్న పార్టీలో ఉంటే వరుస లేదు, సమయమూ లేదు.

ఓటింగు విషయం మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు, 2014 ఫిబ్రవరి చూశాం కదా. 13న పునర్విభజన బిల్లు ప్రవేశపెట్టిన రోజు సభలో పెప్పర్ స్ప్రే చల్లారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిన సభలో బిల్లు మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో చెప్పిన అవును, కాదులతో గడిచింది. మహబూబ్‌నగర్ ఎంపీగా అప్పుడు కేసీఆర్ ఉన్నారు. మామూలుగా మూజువాణి ఓటును ఎవరైనా సవాలు చేసి డివిజన్ అడిగితే, మీటలు నొక్కి ఎవరు ఎటు వేశారో లెక్క తీయాలి. కానీ డివిజన్ అనవసరమని స్పీకర్ భావిస్తే, అటూ ఇటూ సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి తేల్చే అధికారం 367వ నిబంధన ఇస్తుంది. గందరగోళంలో బిల్లు గట్టెక్కడానికి ఈ చిన్న సదుపాయమే ఎంత పెద్ద ఆధారమో మనకు తెలుసు. అదే సదుపాయం రేపు మనకు నచ్చని బిల్లుకూ పనికొస్తుందన్నది మరవకూడదు. రాష్ట్రాల సరిహద్దులు మార్చే బిల్లుకు రాజ్యాంగం 3వ అధికరణం కింద మామూలు మెజారిటీ చాలు, రాజ్యాంగ సవరణకు కావలసిన మూడింట రెండు వంతులు అక్కరలేదు. అందుకే ఇది సాధ్యమైంది.

స్పీకర్ ఓటు వేయరు, ఇరువైపులా సమానమైతే తప్ప. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270 తేడాతో పడిపోయినప్పుడు కుర్చీలో ఉన్నది మన తెలుగువాడు జి.ఎం.సి. బాలయోగి. ఎదురు ఓటేసినవారిలో ఒకరు ఇటు మారి ఉంటే నిర్ణయం ఆయన దాకా వచ్చేది కాదు, 270–269తో ప్రభుత్వమే నిలిచేది. వారిలో ఒకరు తటస్థంగా ఉండిపోయి 269–269 అయి ఉంటే మాత్రం ఆయన ఓటు వేయవలసి వచ్చేది. ద్రవ్య బిల్లు అవునా కాదా అన్నది తేల్చేదీ, ఫిరాయింపు కేసుల్లో సభ్యత్వం పోతుందో లేదో తేల్చేదీ స్పీకరే. విప్ ధిక్కరించి ఓటేస్తే 1985 నాటి పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వం పోవచ్చు. కాబట్టి బిల్లు మీద "మా ఎంపీ ఎటు ఓటేశారు" అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా పార్టీ కార్యాలయంలో ముందే రాసి ఉంటుంది. ప్రశ్నలు, 377, స్థాయీ సంఘం — ఇక్కడ విప్ లేదు. ఎంపీ సొంత బుర్ర, సొంత శ్రద్ధ బయటపడేది ఇక్కడే.

శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు మెంబరు బిల్లులుంటాయి. 1952 నుంచి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. మీ ఎంపీ అలాంటి బిల్లు పెట్టానంటే అభినందించండి, కానీ చట్టం వస్తుందని ఎదురుచూడకండి.

మన జిల్లాకు ఈ సభతో ఉన్న సంబంధం చిన్నదేమీ కాదు. 1952లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూకు వచ్చిన వాటికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలే. అదే ఏడు చట్టం మార్చి దాన్ని 10 వేలు చేశారు, ఇప్పుడు 25 వేలు. మాడ్గుల నుంచి వచ్చిన ఎస్. జైపాల్‌రెడ్డి మహబూబ్‌నగర్‌కు, తర్వాత ఇప్పుడు లేని మిర్యాలగూడ స్థానానికి ప్రాతినిధ్యం వహించారు. 1998కి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. అంటే దక్షిణ తెలంగాణ నుంచి సభ నడక తెలిసినవారు వెళ్లలేదని అనలేం.

ఎంపీ నిధుల సంగతి మీరు ఎలాగూ అడుగుతారు. ఏటా 5 కోట్లు. ఎంపీ పని సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు, అమలు జిల్లా యంత్రాంగానిది. ఆ డబ్బుతో కమ్యూనిటీ హాలు వస్తుంది, రైలు రాదు.

ఇక మీరు చేయగలిగినవి. లోక్‌సభ వెబ్‌సైటులో ప్రశ్నల విభాగం ఉంది. సభ్యుడి పేరు, మంత్రిత్వ శాఖ, విషయం పెట్టి వెతికితే ఎవరు ఏం అడిగారో, ఏ జవాబు వచ్చిందో వస్తుంది. గద్వాల, మాచర్ల, దేవరకొండ, కల్వకుర్తి పేర్లు ఇంగ్లిషులో రకరకాల వర్ణక్రమంతో కొట్టి చూడండి. పాత జవాబులన్నీ తేదీలవారీగా ఒక కాగితం మీదికి ఎక్కించి ఎంపీ దగ్గరకు వెళ్లండి. వట్టి విజ్ఞప్తితో వచ్చినవారికి "చూద్దాం" అనే జవాబే వస్తుంది. తయారైన ప్రశ్నతో వచ్చినవారిది ఆ సాయంత్రమే టైపుకు వెళుతుంది. మా కార్యాలయంలో జరిగేది అదే. ఈ మార్గం నాగర్‌కర్నూల్, నల్గొండ నియోజకవర్గాల మీదుగా వెళ్లి ఆంధ్రలోని నరసరావుపేట నియోజకవర్గంలో తేలుతుంది. పార్టీ ఏదైనా ఆ ఎంపీలందరి చేత ఒకే సమావేశాల్లో వేర్వేరు ముక్కలు అడిగించగలిగితే శాఖ ఒకే జవాబును తిప్పి తిప్పి ఇవ్వడం కష్టమవుతుంది.

రెండోది అర్జీ. ఇది చాలామందికి తెలియదు. పౌరులెవరైనా లోక్‌సభకు అర్జీ పెట్టుకోవచ్చు, దాన్ని పరిశీలించడానికి 15 మందితో అర్జీల సంఘం ఉంది. విషయం సాధారణ ప్రజా ప్రయోజనానికి సంబంధించినదై ఉండాలి. కోర్టులో ఉన్నదీ, శాసనసభలో తేలవలసినదీ కాకూడదు. సభను ఉద్దేశించి మర్యాదగా రాయాలి, ఏం కోరుతున్నారో చివర స్పష్టంగా ఉండాలి, సంతకం చేసినవారి పూర్తి పేరు, చిరునామా ఉండాలి. ఉత్తరాలు, కత్తిరింపులు జతచేయకూడదు, చెప్పవలసిందంతా అర్జీలోనే రాయాలి. ఎంపీ ద్వారా సమర్పిస్తే ఆయన ప్రతిసంతకం కావాలి, లేదా లోక్‌సభ సెక్రటరీ జనరల్‌కు నేరుగా పంపవచ్చు. తెలుగులో రాయవచ్చు, అయితే హిందీ లేదా ఇంగ్లిషు అనువాదం జతచేసి దాని మీద కూడా సంతకం పెట్టాలి. దేవరకొండ, కల్వకుర్తి, వనపర్తి వారు విడివిడిగా మూడు రాయకుండా, అన్ని ఊళ్ల సంతకాలతో ఒక్కటే పంపండి. ముసాయిదా రాసుకొని ఇక్కడ పెడితే ఏ వాక్యం నిలుస్తుందో, ఏది కొట్టేస్తారో చెబుతాను.